ఆష్‌ట్రేను గోత్రం అడగడం ఎలా

బతికున్నన్నాళ్లూ గుక్కెడు గంజి పొయ్యనివాడు తద్దినానికి గారెలూ బూరెలూ వడ్డించే ఆచారం మనకే సొంతమనుకుంటాం. కాలిఫోర్నియావాళ్లు మనకేం తీసిపోలేదు. అక్కడి లోతు నీళ్లలో రాతిని కరుచుకుని బతికే తెల్ల అబలోని అనే పెద్ద నత్తను 1972లో ఒక్క ఏడాదే సుమారు 65 టన్నులు పట్టి తిన్నారు. 1996లో, పట్టడానికేమీ మిగలని సమయం చూసి, వేట నిషేధించారు. 2001లో అమెరికా అంతరించిపోతున్న జాతుల జాబితాకెక్కిన మొట్టమొదటి సముద్రపు అకశేరుక జీవి ఇదే. జాబితాలో చోటు దొరికింది గానీ నీళ్లలో జోడు దొరకలేదు. ఆడది గుడ్లనూ మగది వీర్యాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి. రెండూ దగ్గరదగ్గరగా లేకపోతే అంతా అక్షరాలా నీళ్లపాలే.

ఇప్పుడు తొట్లలో పిల్లల్ని పెంచి 2019 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. తల్లిదండ్రులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కాబట్టి ఇక పెళ్లిళ్లన్నీ మేనరికాలే. అసలు ఈ వంశం పూర్వం ఎంత పెద్దదో, ఎన్ని శాఖలు పోయాయో తెలియాలంటే పాతకాలపు డీఎన్‌ఏ కావాలి. కండ తినేశాం. మిగిలింది గుల్ల. అది మ్యూజియం సొరుగులోనో, సబ్బుపెట్టెగానో, ఆష్‌ట్రేగానో ఉంది. తినేవాళ్లు ఎంత ముందుచూపుతో గుల్లను పారెయ్యకుండా ఉంచారో గమనించాలి.

గుల్లను ఎంచడంలో ఒక్కటే సూత్రం: ముద్దొచ్చేదాన్ని ముట్టుకోకండి. తళతళలాడే గుల్ల అంటే ఉడకబెట్టి, యాసిడ్‌తో కడిగి, పాలిష్ పట్టి, వార్నిష్ పూసిన గుల్ల. డీఎన్‌ఏకి పడనివన్నీ దానికి వరసగా జరిగిపోయాయి. సొరుగు మూలన దుమ్ము కొట్టుకుపోయిన అనాకారి గుల్లే మేలు. అయితే దాని వీపు మీద కాపురమున్న బార్నకిల్‌నీ (రాళ్లకూ గుల్లలకూ అతుక్కుని బతికే చిన్న జీవి) లోపలికి తొలుచుకుపోయిన స్పాంజినీ గీకెయ్యాలి, లేకపోతే అబలోని గోత్రం అడిగితే అద్దెకున్నవాళ్ల గోత్రం చెబుతుంది.

ఆ తర్వాత పైపొరను పలచటి బ్లీచ్‌తో తుడిచి, పన్ను డాక్టరు వాడేలాంటి చిన్న డ్రిల్లుతో నెమ్మదిగా పొడి తియ్యాలి. తొందరపడితే వేడెక్కి, ఉన్న కాస్త డీఎన్‌ఏ కూడా వేగిపోతుంది. మ్యూజియం క్యూరేటరు మాత్రం, మీరు 200 మిల్లీగ్రాములు అడిగితే ఎకరం పొలం రాసివ్వమన్నట్టు చూస్తారు.

చాలామంది బోల్తా పడేది ఈ తర్వాతే. ఎముకకు పనికొచ్చిన పద్ధతినే గుల్లకూ వాడేస్తారు. గుల్లలో నూటికి తొంభై అయిదు వంతులో, అంతకు పైనో కాల్షియం కార్బొనేటే. డీఎన్‌ఏ ఉండేది స్ఫటికాల మధ్య ఇరుక్కున్న ఆ కాస్త జీవపదార్థంలో. కాల్షియాన్ని పట్టుకుని గుల్లను మెల్లగా కరిగించే రసాయనం ఈడీటీఏ. 0.5 మోలార్ గాఢతలో అది ఒక మిల్లీలీటరు 50 మిల్లీగ్రాముల గుల్లను మించి కరిగించలేదు. 200 మిల్లీగ్రాములకు నాలుగు మిల్లీలీటర్లు పొయ్యాలి. ఒక్క మిల్లీలీటరుతో సరిపెట్టినవాళ్లకు తెల్లారేసరికి ట్యూబు అడుగున ముప్పాతిక పొడి అలాగే పేరుకుని కనిపిస్తుంది. ఈ నసంతా ఎందుకని యాసిడ్ పోస్తే నిమిషాల్లో నురగ లేచి గుల్ల కరుగుతుంది, దాంతోపాటు డీఎన్‌ఏ గొలుసూ తెగుతుంది. కాబట్టి పీహెచ్ 8 దగ్గర, ప్రొటీన్లను తునకలు చేసే ఎంజైము ప్రొటీనేజ్-కె వేసి, రాత్రంతా ఓపిగ్గా తిప్పాలి. పక్కనే గుల్ల వెయ్యని ఖాళీ ట్యూబుకూ ఇదే మర్యాద చెయ్యాలి. అందులోనూ అబలోని డీఎన్‌ఏ బయటపడితే, అది నిన్న పక్క బల్ల మీద కోసిన తాజా అబలోనిదన్నమాట.

డీఎన్‌ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల రాత. చివరికి దక్కేవి చాలావరకు వంద అక్షరాలు కూడా దాటని తునకలు. వాటిలో సింహభాగం బ్యాక్టీరియాదే, అబలోనిది ఒక్కోసారి నూటికి ఒకటి కూడా ఉండదు. తునక కొసల్లో సి అక్షరం టి అయిపోయి కనిపిస్తే సంతోషించాలి. అది పాతదనానికి గుర్తు, ముఖం మీది ముడతల్లాంటిది. బ్యాక్టీరియాని కూడా విసుక్కోనక్కర్లేదు. 2017లో ఏడువేల ఏళ్లనాటి గుల్లల దాకా చదివిన పరిశోధకులకు, జబ్బుపడిన మనీలా క్లామ్ (రెండు చిప్పల జీవి) గుల్లలో ఆ జబ్బు తెచ్చిన విబ్రియో టపెటిస్ అనే బ్యాక్టీరియా కూడా దొరికింది. చచ్చినదాని ఇంట్లోనే హంతకుడి చిరునామా అన్నమాట.

మన దగ్గర ఈ తంటా లేదు. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లలను తవ్వి నేరుగా సున్నపు బట్టీకి తోలాం. తొమ్మిది వందల డిగ్రీల దగ్గర ఏ గుల్లా గోత్రం చెప్పదు. కిళ్లీ మాత్రం ఎర్రగా పండుతుంది.