తల దాకా వెళ్లని కెమెరా గారికి

మహారాజశ్రీ కెమెరా గారి సముఖానికి,

ఒక ఎడిటర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. గారు, సముఖం లాంటి మర్యాదలు ఇంతటితో సరి. పన్నెండేళ్లుగా నువ్వు తెచ్చి పడేసినవన్నీ చీకటి గదిలో కూర్చుని ఏరి, కోసి, అతికించేది నేనే కాబట్టి 'నువ్వు' అనేంత చనువు నాకుందనుకుంటున్నాను.

ఈ ఉత్తరానికి కారణం ఒక ఫోల్డర్. మొన్న ఒక మోటార్ సైకిల్ యాడ్ రషెస్, అంటే ఇంకా కోయని ముడి షాట్లు, వచ్చాయి. ఒక మగవాడు, ఒక ఆడమనిషి, ఒక బండి. షూటింగ్ దగ్గరున్న అసిస్టెంట్ కుర్రాడు బుద్ధిమంతుడు, క్లిప్పులన్నిటికీ పేర్లు పెట్టి మరీ పంపాడు. అతని ఫోల్డర్ తెరిచాను: 'నడక', 'హెల్మెట్ తీయడం', 'నవ్వు', 'వెనక్కి చూపు'. ఆమె ఫోల్డర్ తెరిచాను: 'నడుము 1', 'నడుము 2', 'నడుము 2 స్లో', 'పెదాలు', 'కాళ్లు', 'వీపు'. మనిషి మొత్తం కనిపించే క్లిప్ ఒకే ఒక్కటి ఉంది. దాని పేరు 'ఎక్స్‌ట్రా'.

బండికీ ఒక ఫోల్డర్ ఉంది. 'హెడ్‌లైట్', 'ట్యాంక్', 'సైలెన్సర్', 'వెనక చక్రం'. ఆమెదీ బండిదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పద్ధతి. తేడా అల్లా, బండిని మొత్తంగా తీసిన షాట్లు నాలుగున్నాయి.

ఆపాదమస్తకం అంటే పాదాల నుంచి తల వరకు అని నిఘంటువు చెబుతుంది. నువ్వు ఆ మాట సగమే నేర్చుకున్నావు. ఆడమనిషి ఎవరైనా తలుపు తీసుకుని లోపలికి వస్తే నీ చూపు ముందు చెప్పుల మీద పడుతుంది. అక్కడి నుంచి పిక్కలు, మోకాళ్లు, ఇంకాస్త పైకి. నడుము దగ్గరకు వచ్చేసరికి ఆయాసం వస్తుంది కాబోలు, కాసేపు ఆగుతావు. తల దాకా చేరేలోపు షాట్ అయిపోతుంది. ఆమె డాక్టరే కావచ్చు, జడ్జే కావచ్చు, హంతకుణ్ణి పట్టుకోవడానికి వచ్చిన పోలీసు అధికారే కావచ్చు, ముందు మాత్రం చెప్పులే. హీరో బూట్లు కూడా చూపిస్తున్నాను కదా అని వాదించకు. ఆ బూట్లు నేల మీద పడితే దుమ్ము లేస్తుంది, విలన్ గుటకలు మింగుతాడు. ఆ కాళ్లు ఏదో పని మీద వస్తాయి. ఆమె కాళ్లకు కనిపించడం తప్ప వేరే పని ఏమీ పెట్టవు నువ్వు.

కవులు ఈ పని నీకంటే ముందే చేశారని నాకు తెలుసు. కాలి గోటి నుంచి కొప్పు దాకా ఒక్కో అంగానికి ఒక్కో పద్యం. కాకపోతే వాళ్లు కొప్పు దాకా వెళ్లేవాళ్లు. మొదలుపెట్టింది పూర్తి చేయాలనే పట్టుదలైనా ఉండేది.

అసలు నీ పెంపకంలోనే ఏదో ఉంది. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి కొడాక్ వాళ్లు ఒక కార్డు పంపేవాళ్లు. దాని మీద చక్కగా ముస్తాబైన ఒక తెల్లజాతి యువతి ఫొటో. తొలినాళ్ల మోడల్ పేరు షర్లీ. ఆ తర్వాత ఎందరు మారినా అవి షర్లీ కార్డులే. బల్బు మార్చినప్పుడు కొత్త పేరు పెట్టం కదా! డిజిటల్ రోజులు వచ్చాయి. 1973లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కాన్ చేసి పరీక్షించడానికి ఒక ఫొటో కావలసి వచ్చింది. పాపం, అంత పెద్ద ప్రపంచంలో వాళ్ల చేతికి అందింది ప్లేబాయ్ పత్రిక, 1972 నవంబరు సంచిక, మధ్య పేజీ. భుజాల పైభాగం ఉంచుకుని మిగతాది వదిలేశారు. 'లెనా' అని పేరుపడ్డ ఆ ఫొటో మీద ప్రపంచమంతా ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠాలు దిద్దుకుంది. ఆ ఫొటో ఉన్న పరిశోధన పత్రాలు ఇక తీసుకోబోమని ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంఘానికి చెందిన కంప్యూటర్ సొసైటీ గట్టిగా చెప్పడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. ఆడమనిషి ఫొటోలో ఒళ్లు కోసేసి ముఖం ఉంచుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే. అదీ ముఖం మీద గౌరవంతో కాదులే, వాళ్లకు 512 పిక్సెళ్ల చదరం చాలు.

నేను యంత్రాన్ని, ఎటు తిప్పితే అటు చూస్తాను అంటావు. నీ వెనక నిలబడ్డవాడూ అంతే, డైరెక్టర్ చెప్పాడంటాడు. డైరెక్టర్‌కి క్లయింటు, క్లయింటుకి ప్రేక్షకుడు. ప్రేక్షకుణ్ణి అడిగితే, వాళ్లు చూపిస్తే చూశాం అంటాడు. తిలా పాపం తలా పిడికెడు. ఇందులో నా పిడికెడు నేను దాచుకోను. 'నడుము 2 స్లో'ని టైమ్‌లైన్ మీద పెట్టింది ఈ చేతులే. డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడుతుందో విని, సరిగ్గా ఆ ఫ్రేము మీద కట్ చేసిందీ ఈ చేతులే. బాగా కుదిరింది కూడా. ఇంటి అద్దె కట్టాలనే సాకు నాకు ఉంది. నీకు అదీ లేదు.

ఏ బుద్ధి పుట్టిందో గానీ ఈసారి ఆ 'ఎక్స్‌ట్రా' క్లిప్ తెరిచాను. ఏడు సెకన్లు. షాట్‌కి ఇంకా టైముంది, ఆమె బండి పక్కన ఊరికే నిలబడి ఉంది. గాలికి జుట్టు నోట్లోకి వస్తే 'థూ' అని తీసుకుంది. పక్కనుంచి ఎవరో ఏదో అన్నారు, అటు తిరిగి పగలబడి నవ్వింది. పైవరసలో ఒక పన్ను కొంచెం వంకర. అంతలో 'యాక్షన్' అని వినిపించింది. ఆ తర్వాతి సెకనును నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో. ముందు ఊపిరి బిగబట్టింది. కడుపు లోపలికి పోయింది, భుజాలు వెనక్కి వెళ్లాయి, పెదాలు ఒక్క పిసరు తెరుచుకున్నాయి, వంకర పన్ను మాయమైంది. 24 ఫ్రేములు, అంతే. మనిషి వెళ్లిపోయి ఆ చోట 'నడుము 1' వచ్చి నిలబడింది.

ఆ నవ్వుతో యాడ్ మొదలుపెట్టి మీటింగులో చూపించాను. "బాగుంది మేడమ్, కానీ ఎనర్జీ తగ్గింది" అన్నారొకాయన. "ఆ అమ్మాయి మరీ మనిషిలా ఉందండీ" అన్నాడు ఇంకొకాయన. తానేమన్నాడో తన చెవినే పడినట్టుంది, "అంటే, యాడ్‌లో ఉన్నట్టు లేదని" అంటూ సర్దుకున్నాడు. నవ్వు పోయింది. నడుము తిరిగొచ్చింది.

నీ జబ్బుకు 1975లోనే పేరు పెట్టారు తెలుసా? లారా మల్వీ అనే బ్రిటిష్ సినీ విమర్శకురాలు మేల్ గేజ్, అంటే మగచూపు, అంది. పేరు పెడితే రోగం కుదిరేదైతే ఈపాటికి నువ్వు వస్తాదులా ఉండేవాడివి. అదేమో అంటురోగమైంది. 2012లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆడవాళ్ల ఫొటోలూ మగవాళ్ల ఫొటోలూ చూపించి, ఆ తర్వాత ఒంట్లో ఒక భాగాన్ని గుర్తుపట్టమన్నారు. మగవాళ్ల విషయంలో మనిషి మొత్తంగా కనిపిస్తేనే జనం బాగా గుర్తుపట్టారు. ఆడవాళ్ల విషయంలో విడి ముక్కని చూపిస్తేనే బాగా గుర్తుపట్టారు. అలా గుర్తుపట్టినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. అంటే మా అసిస్టెంట్ కుర్రాడి ఫోల్డర్ల పద్ధతి అందరి తలల్లోనూ ఉందన్నమాట. ముక్కలు కాక మొత్తం చూసే కసరత్తు ముందుగా చేయిస్తే ఆ తేడా తగ్గిందట. ఆ కసరత్తు నీకు చేయించే నాథుడెవరో మరి.

ఆటల్లో నీకున్న పలుకుబడి చూస్తే మాత్రం అసూయ పుడుతుంది. 2021లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు యూరోపియన్ పోటీల్లో బికినీ బదులు నిక్కర్లు వేసుకుని ఆడింది. యూరోపియన్ సమాఖ్య 1500 యూరోల జరిమానా వేసింది. బికినీ పక్కభాగం వెడల్పు 10 సెంటీమీటర్లు దాటకూడదని నిబంధన. మగవాళ్ల నిక్కర్ల నిబంధనలోనూ 10 సెంటీమీటర్లు ఉంది, అయితే అది మోకాలి పైన వదలాల్సిన ఖాళీ! గోల్ కొట్టడానికి ఆ గుడ్డముక్క ఎలా సాయపడుతుందో ఎవరూ చెప్పలేదు. నీకు సాయపడుతుంది, అది చాలు. గొడవ పెద్దదై ఆ ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య నిబంధన మార్చింది. ఇక ఆడవాళ్లు కూడా నిక్కర్లు వేసుకోవచ్చు. 'పొట్టివి, బిగుతైనవి, ఒంటికి అతుక్కునేవి' అని రాశారు. నీ మాట పూర్తిగా తీసేయలేకపోయారు, పెద్దరికం ఉంది కదా.

ఇవన్నీ ఒక ఎత్తు. నువ్వు లేనిచోట కూడా ఉండటం నేర్చుకున్నావు చూడు, అదొక ఎత్తు. 1998లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలోకి పంపి, కొందరికి ఈత దుస్తులు, కొందరికి స్వెటర్ ఇచ్చి, వేసుకుని లెక్కలు చేయమన్నారు. గదిలో ఎవరూ లేరు. నువ్వూ లేవు. ఒక నిలువుటద్దం ఉంది, అంతే. ఈత దుస్తుల్లో ఉన్న అమ్మాయిలకు స్వెటర్ వేసుకున్న అమ్మాయిల కంటే తక్కువ మార్కులు వచ్చాయి. అబ్బాయిలకు ఏ బట్టలైనా ఒకటే. లెక్క చేయాల్సిన బుర్రలో సగం, బయట నిలబడి తనను తాను ఎలా కనిపిస్తున్నానా అని చూసుకోవడానికే పోయింది.

చదివి నవ్వుకున్నాను. మర్నాడు వీడియో మీటింగు. ఎవరో బడ్జెట్ గురించి సీరియస్‌గా మాట్లాడుతున్నారు. పది నిమిషాల తర్వాత నన్నేదో అడిగితే దిక్కులు చూశాను. ఆ పది నిమిషాలూ నేను స్క్రీన్ మూలనున్న చిన్న గడిలో నా గడ్డం కిందికే చూస్తున్నాను. ల్యాప్‌టాప్ కాస్త ఎత్తులో పెడితే బాగుండునా అని. కడుపు ఎప్పుడు లోపలికి లాక్కున్నానో నాకే తెలియదు. టేబుల్ చాటున ఉన్న కడుపది, ఎవరికీ కనపడదు.

ఇట్లు,
ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఊపిరి వదలడం మరిచిపోయిన
ఒక ఎడిటర్

తా.క.: 'ఎక్స్‌ట్రా' అన్న పేరు తీసేశాను. ఆ చోట ఏం రాయాలో తెలియక అసిస్టెంట్ కుర్రాడికి ఫోన్ చేసి ఆమె పేరేమిటని అడిగాను. కాల్‌షీట్ చూసి చెబుతానన్నాడు. రెండు రోజులైంది, ఇంకా చెప్పలేదు. బండి పేరు మాత్రం అడక్కుండానే చెప్పాడు, మోడల్ నంబరుతో సహా.