రాని రోగుల లెక్క

ఉచిత వైద్య శిబిరం పెట్టి, బీపీ చూసి, పదిహేను రోజుల మాత్రలిచ్చి పంపితే జనం అవసరం తీరిపోయిందనుకునే అలవాటు తిరుపతిలోనూ ఉంది. అది తప్పు. శిబిరానికి నడవగలిగినవాళ్లే వస్తారు. షుగరుతో పాదం మొద్దుబారి, పుండు పడి, పసుపు అద్దుకుంటూ ఇంట్లో కూర్చున్న మనిషి రాడు. ఆసుపత్రి వెతకాల్సింది అతన్నే.

అందుకు కొత్త యాప్ అక్కర్లేదు. షుగరు వల్ల వేలో కాలో తీసేయాల్సి వచ్చిన రోగుల ఏడాది కేసు షీట్లు రికార్డుల గదిలోంచి బయటికి తీయండి. ఊరు, మండలం, పుండు పడిన తేదీ, ఆసుపత్రికి చేరిన తేదీ రాసుకోండి. ఆ రెండు తేదీల మధ్య వారాలెన్నో లెక్కేస్తే ఎక్కడ వైద్యం అందలేదో తెలుస్తుంది.

చిక్కంతా ఊరి పేరు దగ్గరే. కౌంటర్లో హడావిడి, రోగి వెంట వచ్చినవాళ్లు తిరుపతిలోని బంధువుల చిరునామా చెబుతారు, అదే షీటుకెక్కుతుంది. తిరుమల యాత్రికులను విడదీయకపోతే వాళ్ల కేసులూ మన ఖాతాలో పడతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి సూళ్లూరుపేట వంటి ప్రాంతాలు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి పాత ఏడాదులతో పోల్చాలంటే జిల్లాల వారీగా కుదరదు, మండలాల వారీగానే చూడాలి. మండల జనాభాతో భాగించడం మరిచిపోతే జనం ఎక్కువున్న మండలాలే ఎక్కువ జబ్బుపడినట్టు కనిపిస్తాయి.

అసలు సంగతి తక్కువ కేసులొచ్చిన మండలాల్లో ఉంటుంది. అక్కడ జబ్బు లేదా, లేక రోగులు వేరే చోటికి పోతున్నారా? చిత్తూరు వైపువాళ్లు వేలూరుకు, కుప్పం వైపువాళ్లు బెంగళూరుకు పోతారు. ఎక్కడికీ పోనివాళ్ల సంగతి ఆశా కార్యకర్తకు, ఊళ్లోని ఆర్‌ఎంపీకి తెలుసు. ఇళ్లకు పొద్దు వాలాక వెళ్లాలి, పగలైతే ముసలివాళ్లే దొరుకుతారు. ‘మీకేం కావాలి?’ అంటే పెద్ద డాక్టరు, స్కానింగు మిషను అంటారు. ‘ఈ ఏడాదిలో చూపించుకోవాల్సి ఉండీ చూపించుకోనిది ఏమిటి, ఎందుకు?’ అని అడిగితే కూలి పోతుందనో, తోడు వచ్చేవాళ్లు లేరనో, తిరుగు బస్సు ఉండదనో చెబుతారు. కారణాన్ని బట్టి మందు మారాలి. కూలి పోతుందనేవాళ్లకు ఊళ్లోనే సాయంత్రం క్లినిక్ కావాలి, అంతేగానీ అవగాహన ర్యాలీ కాదు.

పాదం సంగతే తీసుకోండి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని, రోగి కళ్లు మూసుకున్నాక, బొటనవేలికీ వేళ్ల మొదళ్లకూ ఆనించి తగిలిందా అని అడగాలి. కాయ కాసిన చోట ఆనించకూడదు, అక్కడ స్పర్శ ఎలాగూ తక్కువే. విలేజ్ క్లినిక్‌లో నర్సు రెండు నిమిషాల్లో చేయగల పని. స్పర్శ లేదని తేలితే మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు, ప్రతి నెలా ఒకే రోజున, ఒకే చోట పరీక్ష. ఆ రోజు పరీక్ష ఒక్కసారి జరగకపోయినా రోగులు మళ్లీ రారు.

ఉన్న పడకలే చాలవు, రానివాళ్ల వెంట పడే తీరిక ఎక్కడిదని ఆసుపత్రి పెద్దలు అంటారు. కానీ ఆలస్యంగా వచ్చిన ఒక్క కుళ్లిన పాదమే వారాల తరబడి పడకను పట్టుకుని ఉంటుంది.

ఇంతకన్నా నన్ను కలచివేసేది మరొకటి ఉంది. మన పల్లెల్లో ఇంట్లో పోయినవాళ్లు ఎందుకు పోయారో సరిగా రాసేవాళ్లు లేరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం నమోదవుతుంది, 21 రోజులు గడువు. మరణ కారణం రాసిచ్చే పత్రం ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఏ. ఆ రెండోది చికిత్స చేసిన డాక్టరు ఇవ్వాలి. డాక్టరే చూడని మనిషికి ఎవరిస్తారు? ‘గుండెపోటు’, ‘వయసైపోయింది’ అన్న మాటలే మిగులుతాయి. మరణాల కారణాలు తెలియకుండా ఏ ఆసుపత్రి ఏ అవసరాన్ని గుర్తిస్తుంది? ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. బీపీలు కొలిచి ఫొటోలు దిగడంతో ఆపకుండా వాళ్లకు మరణ కారణాలు అడిగి రాసే పని అప్పగించాలి. పెద్దకర్మ అయ్యాక వెళ్లి కూర్చుని అడిగితే ఆ ఇంటివాళ్లే చెబుతారు: కాళ్ల వాపు ఎప్పుడు మొదలైందో, ఆయాసం ఎన్నాళ్లుందో, ఎవరికి చూపించారో, ఎక్కడ ఆగిపోయారో.