బతకడం వేరు, పుట్టడం వేరు

పుట్టగొడుగుల స్పోర్లు (విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు) అంతరిక్షంలోంచి భూమ్మీద పడి ఉండొచ్చన్న ఊహను మీరు రాసిన వ్యాసం సరదాగానే చెప్పింది. కానీ ‘స్పోర్లు అక్కడ బతకగలవు కాబట్టి అక్కడి నుంచే వచ్చుంటాయి’ అన్నచోట నాకు మింగుడుపడలేదు. అంటార్కిటికా రాళ్లలో పెరిగే క్రయోమైసెస్ అనే నల్లటి ఫంగస్‌ను (పుట్టగొడుగులూ ఫంగస్ కోవలోవే) అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట ఏడాదిన్నర ఉంచితే కొన్ని కణాలు బతికాయి. అయినా అది మన భూమి ఫంగసే కదా!

వ్యాసంలో హైదరాబాద్ ఊసే ఎత్తకపోవడం మాత్రం పెద్ద వెలితి. ఇక్కడి టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) కేంద్రం నుంచి 2001లో, మళ్లీ 2005లో బెలూన్లు పంపి, సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూడటానికి పైగాలి నమూనాలు పట్టారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ముందుండి నడిపిన ప్రయోగం అది. రెండోసారి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో పట్టిన గాలిలో 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు దొరికాయి. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు కూడా బయటపడ్డాయి (ఒకదానికి ఆర్యభట పేరే పెట్టారు). ఇంత జరిగినా, ఇవి భూమికి బయటివని దీంతో తేలిపోలేదనే ఇస్రో చెప్పింది.

అసలు చిక్కు జన్యువుల దగ్గర. పుట్టగొడుగు మొక్కలకన్నా జంతువులకే దగ్గరి చుట్టం. దాని కణాల గోడల్లో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం రొయ్య పెంకులోనూ ఉంటుంది. జన్యు సంకేతం (జన్యువుల్లోని సమాచారాన్ని కణం చదివే పద్ధతి) కూడా మనదీ దానిదీ ఒకటే. పుట్టగొడుగు ఒక్కటే పైనుంచి ఊడిపడితే ఈ చుట్టరికం ఎలా కుదిరింది? కాదు, మొత్తం జీవమే బయటి నుంచి వచ్చిందంటారా, అది వేరే వాదన. దాని మీద ఇంకో వ్యాసం రాయండి.