సంక్రాంతి సెలవుల్లో దవడ ఎముక కట్టుకోదు

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ డెంటల్ క్లినిక్‌లకు ఎన్నారైల తాకిడి. అమెరికాలో పంటి వైద్యానికి ఎంతవుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడికి రావడాన్ని తప్పుపట్టను. నా పేచీ గడువుతోనే. ఎముక తరిగిపోయినవారికి కూడా గ్రాఫ్ట్ (తరిగిన చోట ఎముక పొడి నింపడం), ఇంప్లాంట్ (దవడలో బిగించే కృత్రిమ వేరు), క్యాప్ (దాని మీది పన్ను తొడుగు) అన్నీ మూడు వారాల సెలవులో ముగించేస్తామనడం మభ్యపెట్టడమే.

పన్ను తీశాక మొదటి ఏడాదిలో ఆ చోట దవడ వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. అందులో ఎక్కువ భాగం తొలి 3 నెలల్లోనే. గుంతలో నింపే గ్రాఫ్ట్ పొడి, కొత్త ఎముక పాకడానికి వేసే పందిరి. రక్తనాళాలు అందులోకి చొచ్చుకొచ్చి, ఎముక గట్టిపడటానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు. పై దవడలో సైనస్ లిఫ్ట్ (దవడ పైనున్న గాలి గది పొరను ఎత్తి, కింద ఎముక పొడి నింపడం) చేస్తే 9 నెలలైనా పట్టొచ్చు. చిగురు మాత్రం కొన్ని వారాల్లోనే మూసుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. అద్దంలో అంతా మానినట్టే ఉంటుంది, లోపల పని అప్పుడప్పుడే మొదలై ఉంటుంది.

గ్రాఫ్ట్ వేశాక వాపు రెండు మూడు రోజులు పెరిగి తగ్గడం, నోట్లో ఆ పొడి తెల్లటి రేణువులు ఒకటీ అరా తగలడం మామూలే. తగ్గిన వాపు తిరగబెట్టినా, చీము కారినా, కుట్టు ఊడి గ్రాఫ్ట్ మీద కప్పిన పొర బయటపడినా, మత్తు దిగాక కూడా కింది పెదవి మొద్దుబారి ఉన్నా వెంటనే డాక్టర్ చూడాలి. అప్పటికి మనవాడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి డెంటిస్టు ఇంకొకరు మొదలుపెట్టిన కేసు ముట్టుకోవడానికి వెనకాడతాడు. ఇక్కడికి వాట్సాప్‌లో ఫొటో పంపితే, జవాబుగా ఏదో యాంటీబయాటిక్ పేరు వస్తుంది.

పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టడం లేదా అంటారు. పెడుతున్నారు, ఎముక దండిగా ఉండి ఇన్ఫెక్షన్ లేనిచోట బాగానే నిలుస్తోంది కూడా. ఎముక చాలనివాడికి ఆ కేసులు చూపించడమేమిటి?

ఈ జబ్బు పంటి వైద్యానికే పరిమితమూ కాదు. మోకీలు మార్చినా, పన్నుకు గ్రాఫ్ట్ వేసినా మన దగ్గర రేటు కట్టేది ఆపరేషన్‌కే. తర్వాతి నెలల్లో కనిపెట్టుకుని ఉండటాన్ని వైద్యం కింద ఎవరూ లెక్కగట్టరు. సిగరెట్, అదుపు తప్పిన షుగర్ గ్రాఫ్ట్‌ను దెబ్బతీస్తాయని చెబుతారు సరే, మూడో నెలలో ఫోన్ చేసి అడిగేదెవరు? చాలాచోట్ల వాడే పొడి పశువుల ఎముక నుంచి తీసినది. శుద్ధిచేసి ఇస్తారు, భయపడక్కర్లేదు. కానీ ఇంగ్లిష్‌లో ఉన్న సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

ప్యాకేజీ కాగితం చేతికిస్తే ధర కింద ఏముందో చూడండి. కుట్టు ఊడితే ఎవరిది బాధ్యతో, ఆరో నెలలో స్కాన్ ఎవరు తీస్తారో అందులో ఉందేమో వెతకండి.