కళ్లజోడు ఒక్కటే పట్టించలేదు

1924లో చికాగోలో జరిగిన బాబీ ఫ్రాంక్స్ అనే కుర్రాడి హత్య గురించిన ఒక వ్యాసంలో 'కళ్లజోడు దొరకగానే కేసు తేలిపోయింది' అన్నారు. అంత సులువుగా ఏమీ తేలలేదు.

వుల్ఫ్ లేక్ దగ్గర శవం పక్కన దొరికిన ఆ జోడులో లెన్సులు, ఫ్రేమూ మామూలువే. తేడా అల్లా మడత దగ్గరి కీలులో ఉంది. ఆ రకం కీలుతో ఆల్మర్ కో కంపెనీ చికాగోలో అమ్మినవి మూడే మూడు జతలు. అలా నేథన్ లియోపోల్డ్ పేరు బయటికొచ్చింది. 'పక్షులను చూడ్డానికి అటు వెళ్తుంటాను, జేబులోంచి జారి ఉంటుంది' అన్నాడు. నమ్మదగ్గ మాటే, ఎందుకంటే పక్షుల శాస్త్రంలో అతనికి నిజంగానే పేరుంది. సరే, పడి చూపించమన్నారు. ఎన్నిసార్లు తూలిపడ్డా జోడు జేబులోనే ఉండిపోయింది! అయినా నేరం రుజువు కావడానికి అది చాలదు.

అసలు దెబ్బ కొట్టింది లియోపోల్డ్ ఇంటి డ్రైవరు. హత్య రోజున లియోపోల్డ్ కారులోనే అమ్మాయిలతో తిరిగామని లియోపోల్డూ, అతని స్నేహితుడు రిచర్డ్ లోబూ చెప్పుకొచ్చారు. ఆ రోజు కారు గరాజు దాటలేదని, బ్రేకులు బాగుచేసింది తనేనని డ్రైవరు చెప్పాడు. యజమాని కొడుక్కి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. పైగా బాబీని వదలడానికి 10,000 డాలర్లు అడిగిన ఉత్తరంలోని అక్షరాలు లియోపోల్డ్ క్లాసు నోట్సు టైపుతో సరిపోయాయి.

వాళ్ల లాయరు డారో వాళ్లకు 'పిచ్చి' అని వాదించి గెలిచాడని ఆ వ్యాసం అన్నదీ సరికాదు. ఇద్దరిచేతా హత్య, అపహరణ రెండూ ఒప్పించేశాడు. దాంతో జ్యూరీ అవసరమే లేకపోయింది, శిక్ష జడ్జి కావర్లీ ఒక్కడి చేతిలో పడింది: యావజ్జీవం, పైన 99 ఏళ్లు.