కళ కావాలి, కన్నవాళ్లు వద్దా?

మార్గళి (ధనుర్మాస) సంగీత నృత్యోత్సవాల కోసం చెన్నైలోని ఒక సభ, అంటే కచేరీలు ఏర్పాటు చేసే సంస్థ, అచ్చు వేయించిన కార్యక్రమ పుస్తకం మా బల్ల మీదికి వచ్చింది. అట్ట మీద నిండుగా, దేవదాసీ కుటుంబంలో పుట్టిన భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి ఫొటో. లోపలి పుటలో భరతనాట్యాన్ని బురదలో నుంచి పైకి తీసి, కడిగి, గౌరవనీయుల ఇళ్లకు చేర్చిన మహానుభావులకు స్తోత్రపాఠం. ఆ 'బురద' అన్నది ఎవరి ఇల్లో, ఆ ఇంటి బిడ్డ ఫొటోనే అట్ట మీద వేసుకున్నామన్న స్పృహ కూడా నిర్వాహకులకు లేకపోయింది. దీన్ని అచ్చుతప్పు కింద జమకట్టలేం. ఇది ఈ నగరం దశాబ్దాలుగా పాటిస్తున్న రెండు నాల్కల ధోరణి.

దేవదాసీ వ్యవస్థలో దోపిడీ ఉందని, దాని రద్దుకు ముత్తులక్ష్మీ రెడ్డి వంటి సంస్కర్తలు చేసిన పోరాటం అవసరమేనని వాదించేవారున్నారు. నిజమే, కాదనం. కానీ 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని మాత్రమే నిషేధించి ఊరుకోలేదు. గుడి ప్రాంగణంలో, దేవుడి ఊరేగింపులో స్త్రీ నాట్యం చేయడాన్నే నేరం చేసింది. అప్పటికే అదే నాట్యం సభల వేదికలెక్కి, పెద్దింటి అమ్మాయిల అరంగేట్రాలతో చప్పట్లు కొట్టించుకుంటోంది. వృత్తి పోయిన వారికి ఆ వేదికల మీద చోటేది?

బాలసరస్వతి 1918లో మద్రాసులో పుట్టారు. తంజావూరు ఆస్థానంలోని పాపమ్మాళ్ నుంచి లెక్కిస్తే ఆ వంశంలో ఏడో తరం. వీణా విద్వాంసురాలు వీణ ధనమ్మాళ్ మనవరాలు. నాట్య గురువు కందప్ప పిళ్లై దగ్గర కఠోర శిక్షణ పొంది 1925లో, ఏడేళ్ల వయసులో కాంచీపురంలోని అమ్మవారి గుడిలో అరంగేట్రం చేశారు. తల్లి జయమ్మాళ్ పాడుతుంటే ఆడారు, తానే పాడుతూ అభినయించారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1973లో ఆమెకిచ్చిన, కర్ణాటక సంగీతంలో పెద్ద గౌరవమైన సంగీత కళానిధి బిరుదును మరే నర్తకీ అందుకోలేదు. ఇది ఎవరో కడిగి శుభ్రం చేస్తే వచ్చిన విద్య కాదు.

తెలుగువారికి ఆ ఇంటితో తీరని రుణం ఉంది. మొవ్వ క్షేత్రయ్య పదాలను, అంటే అభినయానికి ప్రాణమైన ఆ శృంగార గీతాలను, ధనమ్మాళ్ కుటుంబం తరతరాలుగా, తొందరలేని విలంబ కాలంలో కాపాడింది. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త గొంతుల్లో నిలిచాయవి. బాలసరస్వతి అభినయంలో ఒకే పల్లవి ఒకసారి అలక, మరోసారి నిష్ఠూరం, ఇంకోసారి బతిమాలడం. కంటిరెప్ప కదలికతో, మెడ ఒంపుతో అర్థం మారిపోయేది. శృంగారం పేరెత్తితేనే ఉలిక్కిపడి ఆ పదాలకు కత్తెర వేసిన సంస్కర్తలకు ఆమె తలొగ్గలేదు. 1975లో తమిళ్ ఇసై సంగం సభలో భరతనాట్య కచేరీలో వరసగా వచ్చే అంశాలను ఆలయ భాగాలతో పోల్చి చెప్పారు: అలరిప్పు గోపురం, జతిస్వరం అర్ధమండపం, శబ్దం మహామండపం. పదాన్ని మాత్రం గర్భగుడి దాకా తీసుకెళ్లారు. ఈ సభ పుస్తకం బురద అంటున్నది దాన్నే.

చెన్నై సభలను తిట్టి మనం చేతులు దులుపుకోవడానికి లేదు. గోదావరి జిల్లాల్లో మురమండ, మండపేట, బల్లిపాడు వంటి ఊళ్లలో ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల కులం స్త్రీలు పదాలను, జావళులను తలుపులు మూసుకుని మననం చేసుకున్నారు. పిల్లలకు పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని కొందరు పేరు కూడా బయటపెట్టుకోలేదు. వారి నోటి నుంచి సాహిత్యాన్ని రాసుకుని వచ్చి వేదికలెక్కిన వారికి శాలువాలు దక్కాయి. పాట కావాలి, పాడిన మనిషి వద్దు. ముద్ర కావాలి, ఆ చేయి వద్దు. చెన్నైలోని తెలుగు సంఘాలు క్షేత్రయ్య జయంతులు జరిపి మైకు ముందు కంటతడి పెడతాయి. ఆ పదాలను మోసిన ఇంటి వారిని ఒక్కరినైనా ముందు వరుసలో కూర్చోబెట్టాయా?

ఆ సభ పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, ఆ వ్యాసాన్ని తొలగించాలి. అది కనీసం. సంప్రదాయ కుటుంబాల వారసులకు మిట్టమధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు అరగంట విదిలించడం కాదు, నిండు పారితోషికంతో సాయంత్రం ప్రధాన కచేరీ ఇవ్వాలి. సంప్రదాయం, వారసత్వం అంటూ దాతల దగ్గర చందాలు దండుకుంటున్న పెద్దలకు ఇది భారమేమీ కాదు. డబ్బు లేదని మాత్రం చెప్పకండి. లేనిది సిగ్గు.