కదలకండి అంకుల్, మీరు నక్షత్రం

మా బావమరిది టికెట్లు ముందే కొనేశాడు కాబట్టి వెళ్లక తప్పలేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఒక హాలు. లోపల ఖగోళం మీద కాంతి, ధ్వనుల ప్రదర్శన. మనిషికి 400 రూపాయలు. చెప్పులు బయటే విడవాలి, తెల్లబట్టలైతే మంచిది అన్నారు. వేసుకున్నాను. ఆ సలహా ఎవరిచ్చారో వాళ్ల మీద నాకింకా కోపం తగ్గలేదు.

లోపల చిమ్మచీకటి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని ఎక్కడో చదివినవాణ్ణి కనుక, ఎవరి కాలూ తొక్కకుండా ఉన్నచోటే నిలబడ్డాను. బుద్ధిమంతులు చేసే పని అదే. కానీ అక్కడ పైకప్పుకు కెమెరాలున్నాయట. ఎవరు కదలకుండా నిలబడితే వాళ్లను నక్షత్రంగా ఎంచుకుంటాయట. ఈ ముక్క టికెట్టు మీద ఎక్కడా లేదు.

ఠక్కుమని చప్పుడు. నా పొట్ట మీద తెల్లటి వెలుగు. మళ్లీ ఠక్కు, మళ్లీ వెలుగు.

"మీరే పల్సర్ అంకుల్! కదలకండి" అంది చీకట్లోంచి వాలంటీరు పిల్ల. ఆ "అంకుల్" అవసరమా?

నా వెనుక ఒక పెద్దాయన అడగకుండానే విడమరచి చెప్పడం మొదలుపెట్టారు. పల్సర్ అంటే గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రమట, అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే ముద్ద. అది తిరిగినప్పుడల్లా దాని తరంగాలు మనవైపు ఒకసారి తగులుతాయట. అడ్డంగా కొలిస్తే 20 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుందట, కానీ దానిలో చెంచాడు పదార్థం వందల కోట్ల టన్నులు తూగుతుందట.

"సరైనవారినే ఎంచుకున్నారు" అంది మా ఆవిడ.

అంతరిక్షంలో గాలి లేదు కనుక ఈ చప్పుడూ ఉండదని, అక్కడి నుంచి వచ్చే రేడియో తరంగాలనే వీళ్లు చప్పుడుగా మార్చారని కూడా ఆయనే చెప్పారు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ పట్టుకున్న మొదటి పల్సర్ సుమారు 1.3 సెకన్లకోసారి ఇలాగే కొట్టుకునేదట. పట్టుకున్నది విద్యార్థిని, 1974లో నోబెల్ వెళ్లింది గురువుగారికి. అది విన్నాక ఆవిడ మీద నాకు ఎక్కడలేని ఆత్మీయత పుట్టింది. ఇక్కడ నక్షత్రంగా నిలబడింది నేను, నా వెలుగులో సెల్ఫీలు దిగుతున్నది మా బావమరిది.

కాసేపటికి ముక్కు దురద పెట్టింది. చెయ్యెత్తాను. చప్పుడు వేగం పెరిగింది, పిల్లలు కేరింతలు కొట్టారు. కుడికాలు తిమ్మిరెక్కితే బరువు ఎడమకాలి మీదికి మార్చాను. "ఇది సెకనుకు 11 సార్లు తిరిగే వేలా పల్సర్" అని పెద్దాయన ప్రకటించారు. "నిలకడగా ఉండండి అంకుల్" అని ఆ పిల్ల కసిరింది. అప్పుడు బయలుదేరింది తుమ్ము.

తుమ్మును ఆపడానికి మనిషి చేయగలిగినవన్నీ చేశాను. ఊపిరి బిగబట్టాను. నాలుకను అంగిట్లో అదిమాను. ఇంటి వాయిదాలు, బావమరిదికిచ్చిన చేబదులు, కరెంటు బిల్లు, ఇలా తుమ్మును భయపెట్టగల విషయాలన్నీ తలచుకున్నాను. మన పెద్దవాళ్లకు తుమ్మితే ఊడే ముక్కు గురించే తెలుసు. తుమ్మితే ఊడే విశ్వం సంగతి వాళ్లు ఊహించి ఉండరు.

తుమ్మాను.

హాలంతా తెల్లగా వెలిగి, గోడలు అదిరి, చప్పుళ్లన్నీ కలిసిపోయి ఒకటే రొద అయింది. ఎవరి బిడ్డో గుక్కపట్టింది. "సెకనుకు 30 సార్లు! క్రాబ్ పల్సర్! 1054లో చైనావాళ్లు చూసిన విస్ఫోటనంలో మిగిలింది ఇదే!" అని పెద్దాయన ఆనందంతో అరుస్తుండగా కంప్యూటర్ ఆగిపోయి విశ్వం ఆరిపోయింది. జనం అది కూడా ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. వాలంటీరు కొట్టలేదు.

"ఈ ఊళ్లోనే, 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని అంకితం వెంకట నరసింగరావుగారు డాబాగార్డెన్స్‌లోని తమ వేధశాల నుంచి చూశారు. ఆయన పక్కన ఎవరూ తుమ్మి ఉండరు" అన్నారు పెద్దాయన, నా వైపు తిరిగి.

బయటికి వచ్చే దారిలో ఫోటోల కౌంటరు పెట్టారు. పొట్ట మీద వెలుగుతో, నోరు సగం తెరిచి, తుమ్మబోతున్న నేను. 200 రూపాయలట.

"నా ఫోటోకు నేనెందుకు ఇవ్వాలి?"

"కాంతి మాది కదా అంకుల్" అన్నాడు కౌంటరు కుర్రాడు.

మా బావమరిది రెండు తీసుకున్నాడు. "డబ్బులు మీరు ఇచ్చేయండి బావగారూ" అన్నాడు. సెల్ఫీలు తీసి తీసి అతని ఫోను ఆగిపోయిందట.